బ్రాడ్‌ఫర్డు తక్కెడ

ఆళ్లగడ్డలో రాతిశిల్పుల పాకలముందు నిలుచుండి వారి పని చూచుట నా బాల్యమునకు పెద్ద వినోదము. శిల్పి ఉలి చేపట్టుటకు పూర్వమే రాతిపై గీతలు గీచికొనును. విగ్రహముయొక్క ముఖమెంతయో అంత యొక తాళమని నిర్ణయించి, ఆ తాళముతోనే తక్కిన యవయవములనెల్ల కొలుచును. మహావిష్ణువునకు దశతాళము విధింపబడినది, విఘ్నేశ్వరునకు పంచతాళము. విఘ్నేశ్వరుని దశతాళముతో కొలిచి, ఈ బాలుడు పొట్టివాడు, పైగా బొజ్జగలవాడు, కావున తల్లిదండ్రులు జాగ్రత్తపడవలయునని కైలాసమునకు జాబు వ్రాసిన శిల్పి మా యూర లేడు.

ముప్పది యేండ్లుగా నేను కాపురముండు ఇంగ్లండు దేశమున అట్టి జాబులు వ్రాయువారు కలరు. నంద్యాలనుండి మిత్రులొకరు ఇటీవల నాకు వ్రాయుచు, తమ మనుమరాలి బడిలో పిల్లలనందఱను వరుసగా నిలిపి తూచిరనియు, ఆ యంకెను తరగతిలో పైకి చదివిరనియు, నాటినుండి ఆ పిల్ల రాత్రి అన్నమునకు రాకున్నదనియు తెలిపి, "మీ దొరలదేశములో ఇది ఎప్పటినుంచో ఉందంట గదా, దాని పూర్వోత్తరాలు కొంచెం రాయండి" అని కోరిరి. ఆ పూర్వోత్తరములు నేనుండు బ్రాడ్‌ఫర్డు పట్టణముతోనే పెనవైచుకొనియున్నందున వ్రాయుటకు సాహసించుచున్నాను.

ఈ దేశమున బిడ్డలను తూచవలయునను బుద్ధి బిడ్డలపై కరుణవలన పుట్టినది కాదు. 1899లో దక్షిణాఫ్రికాయందు బోయరులతో యుద్ధము రాగా, సైన్యమునందు చేరవచ్చిన కార్మికయువకులు ఎత్తు చాలక, రొమ్ము చాలక, పండ్లు పుచ్చిపోయి, గుంపులుగుంపులుగా వెనుకకు పంపబడిరి. మాంచెస్టరులో ఐదుగురు వచ్చిన మువ్వురు పనికిరాకపోయిరని నాటి పత్రికలలో గగ్గోలు పుట్టినది. సామ్రాజ్యమును మోయవలసిన భుజములు సన్నగిల్లినవని ప్రభుత్వము భయపడి, జాతి క్షీణించుచున్నదా యని విచారించుటకు ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1904లో నివేదిక నొసగుచు, జాతికేమియు కాలేదు, పిల్లలకు తిండి లేదు, బడులలో వైద్యపరీక్షలు జరిపి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుడని చెప్పినది. 1906లో బడిభోజనముల చట్టమును, 1907లో బడిపిల్లల వైద్యపరీక్షల చట్టమును వచ్చినవి. భోజనము పెట్టుట స్థానిక మండలుల ఇష్టము; పరీక్షించుట మాత్రము విధి. ఈ తారతమ్యమును పాఠకులు మనస్సునందుంచుకొనవలయును.

బ్రాడ్‌ఫర్డు ఉన్నిమిల్లుల పట్టణము. మన నంద్యాలకు ప్రత్తి యెట్టిదో దీనికి ఉన్ని యట్టిది. ఆ కాలమున పండ్రెండేండ్ల పిల్లలు సగముదినము మిల్లులోను సగముదినము బడిలోను గడపుచుండిరి. బడిలో బల్లపై తలవాల్చి నిద్రించుచుండిరి. నిర్బంధవిద్య విధించిన ప్రభుత్వము నిరాహారుని నిర్బంధించుట న్యాయమా యని మార్గరెట్ మెక్‌మిల్లన్ అను వనిత ఈ యూరి విద్యామండలిలో పోరాడెను. 1906లో ఈ యూరినుండి పార్లమెంటునకు ఎన్నికయిన ఫ్రెడ్ జోవెట్ అక్కడ అదే వాదించెను. ఇక బడుల వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ చేసిన పని యొకటి కలదు. దానిని తలచుకొనినప్పుడెల్ల నాకు ఈ పట్టణమున ఉన్నందులకు కొంత గర్వము కలుగును.

1907 ఏప్రిల్ నెలలో ఆయన నలువదిమంది పేదపిల్లలను ఎన్నుకొని, వారికి ఉదయము పాలతోను పాకముతోను కలిపిన ఓట్సు జావయు, మధ్యాహ్నము భోజనమును పెట్టించుచు, జూలైవఱకు వారివారి బరువులను తూపించెను. అన్నము పెట్టని మఱికొందఱు పిల్లలను పోలికకొఱకు తూపించెను. ఆ బరువులను గీతగా గీచిరి. భోజనము మొదలైన వారమే గీత నిటారుగా పైకి లేచినది. అటుపిమ్మట మెల్లమెల్లగా ఎగబ్రాకుచు, వసంతకాలపు పండుగసెలవులలో బడి మూసి భోజనము నిలిచిన వారమున చటుక్కున క్రిందికి వంగినది. బడి తెఱచినంతనే మరల లేచినది. ఆ నలువదిమందిలో ఎవడు సన్ననివాడు, ఎవతె బొద్దుది అన్న ప్రసక్తి ఆ గీతలో లేదు. ఆ తక్కెడలో నిలిచినది పిల్లలే యైనను, తూగినది జావయు, సెలవును. ఆ సంవత్సరమే అక్టోబరులో గ్రీన్‌లేన్ బడిలో వంటశాల వెలసినది.

పిల్లలను తూచవచ్చునా యను ప్రశ్నకు నా సమాధానము ఈ గీతయే. తూచవచ్చును, ఆ యంకె చేరవలసినది వంటశాలనడుపు దొరతనమునకు, బిడ్డ చేతికి కాదు.

తరువాతి చరిత్ర శీఘ్రముగా చెప్పెదను. 1944 చట్టముతో బడిభోజనము మండలులకు విధియైనది; 1946నుండి ప్రతి బిడ్డకును దినమునకు మూడవవంతు పైంటు పాలు ఉచితముగా లభించినవి. 1971లో నాటి విద్యామంత్రిణి మార్గరెట్ థాచర్ ఏడేండ్లు దాటినవారికి పాలు మాన్పించి, జీవితాంతము 'పాలదొంగ' యని పిలిపించుకొనినది. మనకు ఆ మాట ముద్దుమాట యగుటచే ఇచటివారి కోపము నాకు తొలుత బోధపడలేదు. ప్రధానియైన పిదప, 1980లో, ఆమె ప్రభుత్వము బడిభోజనమునకు గల పోషకనియమములను ఎత్తివేసెను. చౌకగా చేయువారికే వంట అప్పగింపబడుచు వచ్చినది. వేపుడు బంగాళాదుంపలును, పిండిలో ముంచి వేయించిన మాంసపుముక్కలును పళ్లెములను ఆక్రమించినవి. ఒక తరము ఆ పళ్లెములలో తిని పెరిగినది. పిల్లలు లావైనారని అప్పుడు ప్రభుత్వము మరల బెదరి, 2005–06 విద్యాసంవత్సరమునుండి ఇంగ్లండంతట నాలుగైదేండ్ల పిల్లలను, పదిపదునొకండేండ్ల పిల్లలను బడులలో కొలుచు పథకమును స్థాపించెను. పళ్లెమునకు నియమములు పోయిన యిరువదియైదేండ్లకు తక్కెడ వచ్చినదన్నమాట. ఆ సంవత్సరమే జేమీ ఆలివర్ అను వంటగాడు టెలివిజనులో బడిపళ్లెములను లోకమునకు చూపి రచ్చచేయకున్నచో, 2006లో నియమములు తిరిగి వచ్చెడివో లేదో!

ఈ పథకమున లేశమును మేలులేదనుట అన్యాయము. 2022–23 లెక్కలలో చిన్నతరగతిపిల్లలలో నూటికి 9.2 మందియు, పెద్దతరగతివారిలో 22.7 మందియు స్థూలకాయులని తేలినది. నిరుపేదవాడలలో ఈ వ్యాధి సంపన్నవాడలకంటె రెండింతలని కూడ తెలిసినది. స్థూలత్వము తిండిపోతుతనము కాదు, దారిద్ర్యముయొక్క నేటి వేషమని ఈ యంకెలే ఋజువుచేసినవి. వలదనిన తల్లిదండ్రులు బిడ్డను కొలువనీయకుండవచ్చును. ఒకరి యంకె మఱియొకరికి చెప్పరు. కాని పలుచోట్ల ఇంటికి జాబు వచ్చును. 'స్థూలకాయము' అను మాట గ్రుచ్చుకొనునని 'చాల అధికమైన బరువు' అని వ్రాయుదురు. ముల్లునకు పట్టుగుడ్డ చుట్టినంతమాత్రమున గ్రుచ్చుకొనకుండునా? వేఱొక పట్టణమందుండు మా తెలుగు మిత్రులయింట అట్టి జాబు రాగా, తల్లి దానిని బీరువాలో బట్టలక్రింద దాచినది. పదేండ్ల పిల్ల దానిని వెదకి చదివినది. ఆ వీథిలో చౌకగా దొరకు భోజనము వేపుడుదుకాణముననే దొరకునన్న సంగతి ఆ జాబులో లేదు.

అట్టి జాబులకు ఆధారమైన కొలత, ఎత్తును వర్గించి బరువును దానితో భాగించునది, వైద్యుడు కనిపెట్టినది కాదు. బెల్జియమునకు చెందిన కెట్లే అను ఖగోళశాస్త్రజ్ఞుడు 1830ల ప్రాంతమున 'సగటు మనుష్యుని' అన్వేషించుచు దీనిని పట్టుకొనెను. సగటు మనుష్యుడు ఏ యూరివాడును కాడు. 2007నుండి బ్రాడ్‌ఫర్డులో పుట్టిన పదమూడువేలకు పైబడిన పిల్లలను వెంబడించుచున్న పరిశోధన యొకటి కలదు. మన యుపఖండపు తల్లులకు పుట్టిన శిశువులు ఇచటి తెల్లశిశువులకంటె తేలికగానుండియు, ఆ చిన్నిదేహములో కొవ్వును మాత్రము తగ్గకుండ మోయుచున్నారని అందు తెలిసినది. దశతాళముతో కొలువరాని విగ్రహములు మనవి.

మన సీమలో దొరతనము ఆహారమును తూచుట క్రొత్త కాదు. ధాత కఱవునాడు, 1877 ఆరంభమున, సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కఱవుపనులకు వచ్చినవారికి దినమునకు ఒక్క పౌను ధాన్యమును, ఇంచుక చిల్లరయు చాలునని శాసించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అది ప్రాణము నిలుపదని వాదించెను. కర్నూలు జిల్లా, నంద్యాలతో కూడ, ఆ కఱవున మిక్కిలి నాశమైన జిల్లాలలో నొకటి. నాడు కొలచినది బిడ్డను కాదు, ముద్దను, అదియు తగ్గించుటకు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైన పిమ్మట మన యంగన్వాడీలకు వ్రేలాడు సాల్టర్ తక్కెడలు వచ్చినవి. సాల్టర్ అను పేరు బర్మింగ్‌హాము ప్రక్కనున్న వెస్ట్ బ్రామ్‌విచ్ కార్ఖానాది. ఆళ్లగడ్డలో అట్టి తక్కెడకు కట్టిన గుడ్డసంచిలో మా అన్నకుమారుని కూర్చుండబెట్టగా, మా అవ్వ వీథిలోనుండియే, "బిడ్డను బెల్లమచ్చు మాదిరి తూకమేస్తార్రా? దిష్టి తగుల్తాది, దించండ్రా!" అని కేకలిడినది. టీచరమ్మ నవ్వి, పటముపై చుక్కపెట్టి, "పసుపులో ఉన్నాడవ్వా, రేపట్నుంచి గుడ్డు తీసకపో" అన్నది. అవ్వ గుడ్డు తెచ్చినది. ఉప్పు, మిరపకాయలతో దిష్టియు తీసినది. పసుపుచుక్కకు వెంటనే గుడ్డు బదులు పలికినది కాబట్టి ఆ తక్కెడపై నాకు ఫిర్యాదు లేదు.

2019–21 జాతీయసర్వేలో ఆంధ్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31.2 మంది ఎత్తు చాలనివారు, 29.6 మంది బరువు చాలనివారు. దేశమంతట అధికబరువు పిల్లలు 2.1నుండి 3.4కు పెరిగిరి. ఒకే బడిలో ఒకే బల్లపై రెండు విధములవారును కూర్చుండు కాలము వచ్చుచున్నది. చిరుధాన్యములలో కొఱ్ఱకు క్రొత్త వంగడములను సృజించిన పరిశోధనక్షేత్రము నంద్యాలలోనే ఉన్నది. ఆ యూరి బడిపిల్లల చేతిలో మాత్రము ఐదురూపాయల చిప్సు పొట్లము కనబడుచున్నది. దుకాణమును ఎవరు తూచుదురు?

నా మిత్రులకు వ్రాసిన జాబులో నేనొక చిన్న కోరిక చేర్చితిని. మన బడులు ఏప్రిల్ నెలాఖరునకు ముందే మూతపడి జూన్ 12న తెఱవబడును. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనమును ఆజ్ఞాపించెను. 2004 ఏప్రిల్ 20న, కఱవుప్రాంతములలో వేసవిసెలవులందును పెట్టవలయునని చెప్పెను. కావున, బడి మూయు దినమున ఒకసారి, తెఱచు దినమున ఒకసారి, పేరులు వ్రాయక, ఎవరికిని చదివి వినిపింపక, పిల్లలను తూచి, క్రౌలీవలె ఒక గీత గీయించి, ఏ బిడ్డ బరువు ఎంతయో కాక వేసవి బరువు ఎంతయో నంద్యాల కలెక్టరుగారి కచేరీగోడకు తగిలింపుడని వ్రాసితిని. ప్రత్యుత్తరము వచ్చినది. కచేరీసంగతి కనుగొందురట, మనుమరాలు నిన్న రాత్రి రెండు జొన్నరొట్టెలు తిన్నదట.