బాగ్‌నగరం నుండి బాగె ఆమ్ వరకు

ఒక నగరానికి అందం ఎక్కడ నుండి వస్తుంది అని అడిగితే కొందరు మహళ్ళు, మినార్లు చూపిస్తారు. మరికొందరు వెడల్పాటి రోడ్లు, దీపాల వరుసలు చూపిస్తారు. అవీ కావలసినవే. కాని వైశాఖ మాసంలో మిట్టమధ్యాహ్నం కాలినడకన పోయే బీదవాడికి ఆ ఊళ్ళో కాసేపు నిలబడటానికి నీడ దొరుకుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష అని మా అభిప్రాయం. ఈ దృష్టితో మన హైదరాబాదు చరిత్రను తిరగేస్తే ఒక సంగతి బోధపడుతుంది. తోటలు మొదట పాదుషాల కోసం వెలిశాయి, తర్వాత ప్రజలకు తెరుచుకున్నాయి. అయితే ఎవరు వేసినా సరే, నీళ్ళకూ కాపలాకూ శాశ్వతమైన ఏర్పాటు ఉన్న తోటలే నిలిచాయి. మిగతావి పేర్లుగా మాత్రమే మిగిలాయి.

కుతుబ్‌షాహీల తోటలు

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ నదికి దక్షిణాన కొత్త నగరానికి పునాది వేశాడు. నగర నిర్మాణానికి రూపురేఖలు దిద్దినవాడు ఆయన పీష్వా, ఇరాన్ నుండి వచ్చిన మహాపండితుడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ. చార్మినార్ మధ్యగా నాలుగు దిక్కులకు నాలుగు బాటలు తీశారు. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియర్, థెవెనో ఈ ఊరిని "బాగ్‌నగర్" అనే పేరుతోనే రాశారు. ఇది భాగమతి పేరు మీద వచ్చిందని జనంలో ఉన్న కథ. కాదు, తోటలు ఎక్కువగా ఉండబట్టి ఆ పేరు వచ్చిందని చరిత్రకారులు హారూన్ ఖాన్ షేర్వానీ గారి వాదన. ఏది ఏమైనా ఇక్కడ తోటలకు కొదవ లేకుండేదన్నది నిజం. ముహమ్మద్ కులీ స్వయంగా కవి. తన "బాగె ముహమ్మద్ షాహీ" తోట మీద దక్కనీ భాషలో ఒక కవితే రాశాడు. అందులో దానిమ్మ, ద్రాక్షలతోపాటు మన కొబ్బరి, పోక చెట్లు కూడా కనిపిస్తాయి. ఇరాన్ తోట పద్ధతి దక్కను నేలలో ఎట్లా కలిసిపోయిందో చెప్పటానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఈ తోటలన్నిటికీ ప్రాణం నీళ్ళు. గోల్కొండ కోటకు దుర్గం చెరువు నుండి మట్టి గొట్టాల ద్వారా నీళ్ళు తెచ్చారు. కోట లోపల చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడేవారు. ఇబ్రహీం బాగ్‌లో, అంటే ఈనాటి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో, పెద్ద పెద్ద మెట్లబావులు తవ్వించారు. ముందు నీరు, ఆ తర్వాతే మొక్క. ఆనాటివారి లెక్క ఇది. గోల్కొండ నయాఖిలాలో "హాథియోం కా ఝాడ్" అని పిలిచే ఆఫ్రికా జాతి చెట్టు ఒకటి ఈనాటికీ ఉంది. దాని మొదలు చుట్టుకొలత పాతిక మీటర్లకు పైమాటే. సముద్రాలు దాటి వచ్చిన ఒక మొక్క ఇక్కడ ఇన్ని వందల ఏళ్ళు బతికిందంటే మొదటి కొన్నేళ్ళు దాన్ని ఎవరో కంటికి రెప్పలా కాపాడి ఉండాలి కదా! ఆ మాలీ పేరు ఏ తవారీఖులోనూ లేదు.

పేర్లలో మిగిలిన తోటలు

మా తరగతిలో పిల్లలకు ఉర్దూ పాఠంలో "బాగ్" అనే పదం వచ్చినప్పుడు మేము వాళ్ళనే ఊళ్ళో బాగ్‌ల పేర్లు చెప్పమంటాము. చేతులు టకటకా లేస్తాయి. బషీర్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్, సీతారాంబాగ్, కిషన్‌బాగ్, కుందన్‌బాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట... నల్లబల్ల నిండిపోతుంది. "వీటిలో తోట ఎక్కడుంది?" అని అడిగితే మాత్రం తరగతి అంతా నిశ్శబ్దం. ఈ పేర్లలో రాముడూ ఉన్నాడు, కృష్ణుడూ ఉన్నాడు, నవాబులూ ఉన్నారు. తోట పెంచటంలో మన పెద్దలకు మతభేదం లేదనటానికి ఈ పేర్లే చాలు. బషీర్‌బాగ్‌లో పాయెగా అమీరు సర్ ఆస్మాన్ జా కట్టించిన మహలు ఉండేది. ఇప్పుడు ఆ మహలూ లేదు, తోటా లేదు. సొంత తోట యజమాని ఉన్నన్నాళ్ళే ఉంటుంది. వారసులు పంచుకున్నాక అది ప్లాట్లు అవుతుంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు.

అందుకే "ఆమ్" అన్న చిన్న మాట మనకు ముఖ్యం. దీవానె ఖాస్ గొప్పవారిది, దీవానె ఆమ్ అందరిదీ. అట్లాగే నాంపల్లిలోని బాగె ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్, అందరి తోట. నిజాముల కాలంలోనే అక్కడ పూలతోటలతోపాటు జంతుప్రదర్శనశాల కూడా ఉండేది. 1913లో పూర్తి అయిన టౌన్‌హాలు, మ్యూజియం, జూబిలీ హాలు, మసీదు, అన్నీ ఆ చెట్ల మధ్యనే లేచాయి. జంతువులకు చోటు చాలక మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జూ ఏర్పాటైంది. అది 1963లో ప్రజలకు తెరిచారు. ఊరు ఇంత ఇరుకైనా నాంపల్లి తోట నిలిచింది. అది ఏ ఒక్కరి సొత్తూ కాకపోవటమే కారణం.

చింతచెట్టు సాక్ష్యం

చెట్టు అలంకారం మాత్రమే అనుకునేవారు 1908 సెప్టెంబరు 28ని గుర్తు చేసుకోవాలి. ఆనాడు మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. ఈనాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. గోడలు కూలిపోయాయి, చెట్టు మాత్రం నిలబడింది. ఆ కొమ్మల మీద హిందువెవరో ముస్లిమెవరో ఆ రాత్రి ఎవరూ అడిగి ఉండరు.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపు మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆయన సలహా ఫలితాలే. అవి వరసగా 1920లో, 1927లో పూర్తి అయ్యాయి. నది ఒడ్డున బాటలు, తోటలు వేయాలని కూడా ఆయన సూచించారు. 1912లో ఏర్పడ్డ నగర అభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలు తీసి రోడ్లు, ఖాళీ స్థలాలు కల్పించే పని చేపట్టింది. హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆసుపత్రి నది ఒడ్డున ఠీవిగా లేచింది కూడా ఆ కాలంలోనే. ఒడ్డున తోటలు వెలిశాయి కాని నది మురుగుకాలువగా మారాక ఆ తోటలకూ శోభ తగ్గింది. నీరు చెడితే తోట చెడుతుందన్న పాత పాఠమే మళ్ళీ నిజమైంది.

మిర్జా ఇస్మాయిల్ చూపిన దారి

ఈ సందర్భంలో సర్ మిర్జా ఇస్మాయిల్ పేరు చెప్పకపోతే వ్యాసం పూర్తి కాదు. ఇరాన్ నుండి గుర్రాల వ్యాపారిగా వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డ అలీ అస్కర్ మనుమడు ఆయన. మైసూరు మహారాజా నాలుగవ కృష్ణరాజ ఒడయార్‌కు చిన్ననాటి సహాధ్యాయి. 1926 నుండి 1941 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట కింద కాశ్మీరు షాలిమార్ తోట పద్ధతిలో బృందావన్ గార్డెన్స్ వేయించారు. ఆ పని 1927లో మొదలై 1932లో పూర్తి అయింది. తర్వాత జైపూర్ వెళ్ళారు. అక్కడి పెద్ద బజారు రోడ్డుకు ఈనాటికీ ఆయన పేరే. 1946 ఆగస్టు నుండి 1947 మే వరకు మన హైదరాబాదుకు సదరె ఆజంగా పనిచేశారు. ట్యాంక్‌బండ్ రోడ్డును వెడల్పు చేయించింది ఆ రోజుల్లోనే. బృందావనం ఆనకట్ట కిందనే ఎందుకు వెలిసిందో పాఠకులు ఆలోచించాలి. నీళ్ళున్న చోటే తోట వేశారు కాబట్టి అది ఎండిపోలేదు.

నేటి సంగతి

ఆ తర్వాత కూడా మంచి పనులు జరగలేదని కాదు. 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు శంకుస్థాపన చేసిన ఇందిరా పార్కు 76 ఎకరాల్లో తయారై 1978లో తెరుచుకుంది. 2015లో హరితహారం మొదలైంది. 2020 సంవత్సరానికి హైదరాబాదు ప్రపంచ వృక్షనగరాల జాబితాలో చేరింది. 2022లో ప్రపంచ హరితనగర బహుమతి కూడా వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతులు 2024లో ముగిశాయి. పూడిపోయిన మెట్లబావులను బాగుచేస్తే మళ్ళీ నీళ్ళు నిలిచాయి. ఆ బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది. చేవెళ్ళ రోడ్డుకు ఇరుపక్కలా ఉన్న వందలాది మర్రిచెట్లకు రోడ్డు విస్తరణ వల్ల గండం వచ్చినప్పుడు సామాన్య పౌరులే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఇది కూడా "ఆమ్" అన్న మాటకు అర్థమే.

ఇక మన సంగతి. మొక్క నాటి ఫొటో దిగటం ఒక్క పూట పని. దాన్ని బతికించటం మూడు ఎండాకాలాల పని. చెట్టు నాటడం సదకా అని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాము. మరి నాటిన మొక్క ఎండిపోతే ఆ సదకా ఎవరికి చేరింది? అందుకని సంఘ సభ్యులకు మా విన్నపం ఇది. ప్రతి మసీదులో వజూ చేసిన నీళ్ళు రోజుకు ఐదుసార్లు మోరీలోకి పోతున్నాయి. ఒక చిన్న కాలువ తీసి ఆ నీళ్ళను మొక్కల మొదళ్ళకు మళ్ళించండి. ఖబరస్తాన్ గోడల వెంట వేప, కానుగ నాటండి. బడిలో ఒక్కొక్క మొక్కను ఒక్కొక్క పిల్లవాడికి పేరుపెట్టి అప్పగించండి, వాడు బడి వదిలేనాడు తమ్ముడికో చెల్లెలికో ఒప్పగించి పోవాలి. పాదుషాల దగ్గర ఖజానాలుండేవి. మన దగ్గర ఐదు పూటల నీళ్ళున్నాయి, వందలమంది పిల్లలున్నారు. ఈ పని మొదలుపెట్టటానికి అవి చాలు.