ఖమ్మం టీకా: మన అమ్మానాన్నల బదులు ఎవరు సంతకం పెట్టిన్రు?



కామారెడ్డి, ఎల్లారెడ్డి హాస్టళ్లల్ల చదివే మనం ఈ చరిత్ర తెలుసుకోవాలె.

హెచ్‌పీవీ చాలా మామూలు వైరస్. శారీరక సంబంధంతోని అంటుతది. ఎక్కువమందికి రెండేండ్లలో దానంతటదే పోతది. కొందరిలో ఏండ్లకేండ్లు ఉండి, కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రోటీన్లను దెబ్బతీస్తది. చివరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయితది. దీన్ని తేల్చిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

మరుసటేడు, 2009 జులైలో, పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏండ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా మొదలుపెట్టినయి. వాళ్లలో ఎందరో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. ఐదుగురు చనిపోయిన్రు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది.

అయితే సమ్మతి సంగతేంది? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క ఇది: 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్నోళ్లను అడగాల్సిన మాట వార్డెన్‌తోనే అయిపోయింది.

అట్లని టీకాకు దూరమైతే నష్టం మనకే. అది వైరస్‌ను ముందే అడ్డుకుంటది, వచ్చిన క్యాన్సర్‌ను మాత్రం తగ్గించదు. 30 దాటిన మన అమ్మలకు పరీక్ష చేయిస్తే, క్యాన్సర్ కాకముందే చెడ్డ కణాలను తీసేస్తరు. ముదిరితే ఆపరేషన్, రేడియేషన్, కీమో తప్పవు.

ఇప్పుడు తండాకు ఫారం వస్తే చదివేటోళ్లం మనమున్నం. గోర్‌బోలిలో అమ్మాబాపులకు చెప్పి, అడగాల్సినవి అడిగినంకనే సంతకం పెట్టిద్దాం.