తెర మీద ఒక మాట, ఫోన్‌లో ఇంకో మాట: ఫాక్స్ న్యూస్ కేసులో ఏం బయటపడింది?

టీవీ చర్చల్లో కూర్చునే వ్యాఖ్యాత ఒక పార్టీ వైపు మాట్లాడటం వేరు. తానే నమ్మని మాటను నమ్మినట్టు చెప్పడం వేరు. మొదటిది పక్షపాతం, రెండోది అవకాశవాదం. మన ఇళ్లలో మౌకాపరస్తీ అంటాం. పక్షపాతాన్ని రెండు నిమిషాలు వింటే పట్టుకోవచ్చు. మౌకాపరస్తీకి మాత్రం రుజువు దొరకదు, మనిషి లోపల ఏముందో ఎవరికి తెలుసు? అమెరికాలో ఫాక్స్ న్యూస్ ఛానెల్ మీద పడిన పరువు నష్టం కేసులో ఆ రుజువు కాగితాల మీదే బయటికొచ్చింది.

2020 నవంబర్ 3న అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఆ రాత్రి అరిజోనా రాష్ట్రం బైడెన్‌దేనని మిగతా ఛానెళ్ల కంటే ముందు చెప్పింది ఫాక్సే. ఆ లెక్క తప్పేం కాదు, చివరికి అక్కడ బైడెనే గెలిచారు. కానీ ట్రంప్‌ను అభిమానించే ప్రేక్షకులకు కోపం వచ్చింది. చాలామంది న్యూస్‌మ్యాక్స్ అనే చిన్న ఛానెల్‌కు మారిపోయారు. ఆ తర్వాతి వారాల్లో ట్రంప్ తరఫు లాయర్లు రూడీ జూలియాని, సిడ్నీ పావెల్ ఫాక్స్ కార్యక్రమాల్లోకి వచ్చి, డొమినియన్ కంపెనీ ఓటింగ్ యంత్రాలతో ఓట్లు తారుమారయ్యాయని ఆరోపించారు.

2021 మార్చిలో డొమినియన్ 160 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1964 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వల్ల, ఇలాంటి కేసుల్లో వార్త అబద్ధమని చూపిస్తే చాలదు. అబద్ధమని తెలిసే చెప్పారనో, నిజమా కాదా అని పట్టించుకోకుండా చెప్పారనో నిరూపించాలి. అందుకే యాంకర్ల మెసేజ్‌లు, ఈమెయిళ్లు డొమినియన్ లాయర్ల చేతికి వచ్చాయి.

వాటిలో ఏముంది? పావెల్ అబద్ధం చెబుతోందని ప్రముఖ యాంకర్ టక్కర్ కార్ల్‌సన్ నవంబర్‌లోనే తోటి యాంకర్ లారా ఇంగ్రాహమ్‌కు రాశారు. పావెల్‌కు మతి లేదన్నట్టు ఆమె జవాబిచ్చారు. న్యాయంగా చెప్పాలంటే, పావెల్ ఆధారాలు చూపించలేదని కార్ల్‌సన్ ఒకసారి తన షోలోనే అన్నారు. దానికే ప్రేక్షకులు మండిపడ్డారు. కానీ ట్రంప్ ట్వీట్‌లోని తప్పును ఎత్తిచూపిన సొంత ఛానెల్ రిపోర్టర్‌ను తీసేయాలని, షేరు ధర పడిపోతోందని మెసేజ్ పెట్టింది కూడా ఆయనే. బీకాం చదివిన అలవాటో ఏమో, నాకు ఆ షేరు ధర దగ్గరే కళ్లాగాయి. 2021 జనవరి 4న, ట్రంప్ అంటే తనకు విపరీతమైన ద్వేషమని రాశారు. రెండు రోజుల తర్వాత, ఓట్లు దొంగిలించారని నమ్మిన జనం కాపిటల్ భవనం మీదికి దూసుకెళ్లారు. వాళ్లలో వందల మందికి జైలు శిక్షలు పడ్డాయి.

కొందరు యాంకర్లు ఆ ఆరోపణలను సమర్థించారని యజమాని రూపర్ట్ మర్దోక్ వాంగ్మూలంలో ఒప్పుకున్నారు. అక్కడ ఎరుపు రిపబ్లికన్ల రంగు, నీలం డెమోక్రాట్లది. అదే అబద్ధాన్ని ప్రచారం చేసిన దిండ్ల వ్యాపారి మైక్ లిండెల్ ఛానెల్‌కు ప్రకటనలిచ్చేవాడు. అతని విషయం ఎరుపూ నీలం కాదు, పచ్చ, అంటే డాలర్ నోటు అన్న మాటకు మర్దోక్ ఔనన్నారు.

డొమినియన్ గురించి ప్రసారమైన ఆరోపణలు నిజం కావని జడ్జి 2023 మార్చి 31న తేల్చారు. ఏప్రిల్ 18న, వాదనలు మొదలయ్యే ముందు ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లకు రాజీపడింది. మన లెక్కలో అప్పటికి దాదాపు 6,450 కోట్ల రూపాయలు. తెర మీద క్షమాపణ చెప్పాలన్న షరతు లేదు. ఆరు రోజులకు కార్ల్‌సన్ ఛానెల్ వదిలారు. ఆగస్టులో ట్రంప్‌నే ఇంటర్వ్యూ చేశారు, 2024 జులైలో ట్రంప్ పార్టీ మహాసభలో ప్రసంగించారు.

మన టీవీ చర్చల మీద ఫిర్యాదు చేస్తే యాంకర్ ఫోన్ ఎవరూ తెరవరు. ఛానెళ్లు తామే పెట్టుకున్న ఎన్‌బీడీఎస్‌ఏ అనే సంస్థ తెర మీద కనిపించిందే చూస్తుంది. హిజాబ్ చర్చ విషయంలో 2022 అక్టోబర్‌లో న్యూస్18 ఇండియాకు 50,000 రూపాయల జరిమానా వేసింది ఇదే. అప్పట్లో దాని గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు ఉండేది, అది సరిపోతుందా అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అడిగింది. ఫిర్యాదు ముందు ఛానెల్‌కే, ప్రసారమైన 7 రోజుల్లో పంపాలి. జవాబు నచ్చకపోతే 14 రోజుల్లో ఎన్‌బీడీఎస్‌ఏకు వెళ్లాలి. సభ్యత్వం లేని ఛానెళ్లు, సొంత యూట్యూబ్ ఛానెళ్లు నడిపే వ్యాఖ్యాతలు దీని పరిధిలోకి రారు.