మీ వార్తను ఎంచేది ఎవరు?

ఈ ఉదయం మీరు చదివిన మొదటి వార్త ఏది? దాన్ని మీరే వెతికి చదివారా, లేక ఎవరైనా ఎంచి మీ ముందు పెట్టారా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఒక నగరం మొత్తం దీని మీద ఆధారపడిన రోజులు ఉన్నాయి. ముందు ఆ నగరానికి వెళ్దాం.

తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ పేరు చెప్పగానే చీరలు, వజ్రాలు గుర్తుకొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన వేలాది నేత కుటుంబాలు అక్కడి మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. 1994 సెప్టెంబర్‌లో ఆ నగరంలో ఊపిరితిత్తుల ప్లేగు సోకిందన్న వార్త గుప్పుమంది. మృతులు వందల్లో ఉన్నారని పుకార్లు లేచాయి. కొన్ని పత్రికలూ అలాగే రాశాయి. సుమారు 15 లక్షల జనాభా గల నగరం నుంచి కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్ళూ బస్సులూ పట్టుకుని వెళ్ళిపోయారు. చివరికి దేశం మొత్తం మీద నమోదైన మరణాలు 60 లోపే.

మరి నిజం ఎప్పుడు తేలింది? అది అసలు ప్లేగేనా అన్న వివాదం చాలాకాలం సాగింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సూక్ష్మజీవి డీఎన్ఏను పరీక్షించి, అది ప్లేగు బాక్టీరియానే అని 2000లో ప్రకటించారు. పుకారుకు ఒక్క పూట చాలింది. నిజానికి ఆరేళ్ళు పట్టింది. అంటే ఏ వార్త ముందు చేరుతుంది, ఏది వెనకబడుతుంది అన్నది ప్రాణాలకూ బతుకుతెరువుకూ సంబంధించిన విషయమన్నమాట.

గుమ్మం దగ్గర మనిషి

ఆ రోజుల్లో వార్తను ఎంచేది మనిషి. 1949లో అమెరికాలో డేవిడ్ వైట్ అనే పరిశోధకుడు ఒక చిన్న పత్రిక సంపాదకుణ్ణి వారంపాటు గమనించాడు. వార్తాసంస్థలు పంపిన సమాచారంలో పదింట తొమ్మిది వంతులు ఆయన పక్కన పడేశాడు. ఎందుకని అడిగితే చెప్పిన కారణాలలో స్థలం చాలకపోవడంతో పాటు సొంత ఇష్టాయిష్టాలూ ఉన్నాయి. 1950లో అచ్చయిన ఆ వ్యాసంలో వైట్ ఇలాంటి వారిని ద్వారపాలకులు అన్నాడు. పక్షపాతం కొత్తది కాదు. అయితే సంపాదకుడి పేరు పత్రిక మీద ఉంటుంది. ఆయనకు ఉత్తరం రాయవచ్చు, తప్పయితే నిలదీయవచ్చు.

గుమ్మం దగ్గర యంత్రం

సూరత్ ఇంకా ప్లేగు భయం నుంచి తేరుకుంటున్న 1994 అక్టోబర్‌లోనే, అమెరికాలో జరిగిన ఒక సదస్సులో పాల్ రెస్నిక్, జాన్ రీడల్, వారి సహచరులు 'గ్రూప్‌లెన్స్' అనే పద్ధతిని వివరించారు. యూజ్‌నెట్ అనే కంప్యూటర్ వార్తా వ్యవస్థలో రోజూ వచ్చిపడే రాతలలో పనికొచ్చేవి ఏరడం దాని పని. పాఠకులు ఒక్కో రాతకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఇంతకుముందు మీలాగే మార్కులు వేసినవారు ఎవరో కంప్యూటర్ పోల్చి చూసి, వారికి నచ్చినదాన్ని మీకు చూపుతుంది. పక్క ఊరి మిత్రుడు 'ఈ పుస్తకం చదువు' అని చెప్పినట్టే. మంచి ఉద్దేశంతో పుట్టిన ఈ ఆలోచనే ఇప్పటి సిఫారసు యంత్రాలకు మూలాలలో ఒకటి.

మరి ఇందులోకి రాజకీయ పక్షపాతం ఎలా వస్తుంది? ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు పార్టీల వార్తలు 'క', 'ఖ' అనుకోండి. మొదటి గంటలో 'క'ను 51 మంది, 'ఖ'ను 49 మంది తెరిచారు. యంత్రం 'క'ను పైన పెట్టింది. పైనున్న వార్తను పదిమందిలో ఆరుగురు, కిందిదాన్ని నలుగురు తెరుస్తారనుకుందాం. తరువాతి 1000 మంది వచ్చేసరికి 'క'కు 651, 'ఖ'కు 449 అయ్యాయి. 2 ఉన్న తేడా 202 అయింది! ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. యంత్రం తాను పైన పెట్టినందువల్ల వచ్చిన ఆదరణనే, ఆ వార్త గొప్పతనంగా లెక్క వేసుకుంది. దీనికి తోడు, పాఠకుణ్ణి ఎంతసేపు కూర్చోబెట్టామన్నదే యంత్రానికి గెలుపు గుర్తు అయితే, కోపం, భయం పుట్టించే వార్తలు సులువుగా పైకి వస్తాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

వార్తల వరుస మారితే ఓటు మారుతుందా? రాబర్ట్ ఎప్‌స్టీన్, రొనాల్డ్ రాబర్ట్‌సన్ దీన్ని పరీక్షించారు. వారి ప్రయోగాలలో ఒకటి మన దేశంలోనే, 2014 లోక్‌సభ ఎన్నికల సమయంలో జరిగింది. ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోని ఓటర్లకు తాము తయారుచేసిన శోధన యంత్రం ఇచ్చి, ఫలితాల వరుసను మార్చి చూపారు. అలాంటి వరుస తేల్చుకోనివారిలో 20 శాతం లేదా అంతకుమించి మొగ్గు మార్చగలదని 2015లో ప్రకటించారు. అయితే ఇది ప్రయోగం. ఏదో సంస్థ నిజంగా అలా చేసిందని దీనివల్ల రుజువు కాదు.

2021లో ట్విట్టర్ పరిశోధకులే తమ యంత్రాన్ని పరీక్షించుకున్నారు. చూసిన ఏడు దేశాలలో ఆరింట మితవాద పక్షాల నాయకుల మాటలకు వామపక్షాల వారి మాటలకంటే ఎక్కువ ప్రచారం లభించిందని తేలింది. ఆ ఏడింటిలో భారత్ లేదు. ఎందుకలా జరిగిందో ఆ అధ్యయనం తేల్చలేదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. యంత్రాన్ని తయారుచేసినవారికే దాని మొగ్గుకు కారణం తెలియలేదు!

మరోవైపు, 2020 అమెరికా ఎన్నికల వేళ కొందరికి ఫేస్‌బుక్‌లో యంత్రం ఎంపికను తీసేసి, వార్తలను వచ్చిన క్రమంలోనే చూపారు. మూడు నెలల తరువాత కూడా వారి రాజకీయ అభిప్రాయాలలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. పైగా నమ్మదగని వార్తలు కాస్త ఎక్కువే కంటబడ్డాయి. కనుక తప్పంతా యంత్రానిదే అనడమూ సరికాదు. మన అభిప్రాయాలు ఇల్లు, బడి, పని, స్నేహితుల మధ్య ఏళ్ళ తరబడి ఏర్పడతాయి.

మీరే చేసి చూడండి

ఇద్దరు మిత్రులు పక్కపక్కన కూర్చోండి. ఇద్దరి ఫోన్లలో ఒకే సమయానికి ఒకే నాయకుడి పేరు వెతికి, మొదటి ఐదు శీర్షికలు వరుసగా కాగితం మీద రాసుకోండి. వారం రోజులు ఇలా చేశాక రెండు జాబితాలు పోల్చండి. ఎన్ని కలిశాయి? తేడాలు ఉంటే ఏ వైపు? ఒక్క రోజు ఫలితాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి. కాకతాళీయం ఏది, మొగ్గు ఏది అన్నది పదేపదే చూస్తేనే తెలుస్తుంది.

యూరోపియన్ యూనియన్ చట్టం 2023 నుంచి పెద్ద సంస్థలకు ఒక నిబంధన పెట్టింది. పాఠకుడి అలవాట్లతో పనిలేని ఎంపిక విధానం ఒకటైనా అతనికి అందుబాటులో ఉంచాలి. చట్టం గుమ్మం తెరిచి ఉంచగలదు. దాటవలసింది మాత్రం పాఠకుడే.

1994లో సూరత్ స్టేషన్‌లో బిడ్డను చంకనెత్తుకుని రైలు కోసం తోసుకున్న నేత కార్మికుడికి సంఖ్యలు సరిచూసుకునే దారి లేదు. మీకు ఉంది. ఇంకో పత్రిక తెరవండి, ఇంకొకరిని అడగండి, ఒక రోజు ఆగండి. తెర మీద మొదట కనిపించేదే ముఖ్యమైన వార్త కానక్కరలేదు.