హార్మోనియం పక్కవాద్యం : అచ్చులో మిగలని పద్యనాటక పాఠం

గానంలో ఎంత భాగాన్ని ముద్రిత పాఠం నిలపగలదన్న ప్రశ్న పద్యనాటక అధ్యయనానికి కీలకమైనది. ఆంగ్ల సంగీత చరిత్రలో దీనికి తగిన పోలిక ఉంది. హెన్రీ పర్సెల్ మరణానంతరం 1698లో లండన్‌లో వెలువడిన ‘ఆర్ఫియస్ బ్రిటానికస్’ సంపుటిలో ఒకటి, రెండు, మూడు గొంతులకు కూర్చిన పాటలున్నాయి. పక్కవాద్యంగా ఆర్గన్ లేదా హార్ప్సికార్డ్ వాయించేవారికి అందులో దొరికేది మంద్రస్వరాల వరుస, దానికి తోడు కొన్ని అంకెలు మాత్రమే. మిగిలిన స్వరసమూహాలను వాద్యకారుడు ఆ సూచనలను బట్టి అప్పటికప్పుడు కల్పించుకోవాలి.

తెలుగు రంగస్థలం మీద ఈ స్థానం హార్మోనియానిది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంట్ పొందిన ఈ వాద్యం ఐరోపాలో స్వరమేళనానికి ఉపకరించింది. తెలుగునాట కాలి హార్మోనియం మీద రెండు చేతులూ ఖాళీగా ఉన్నా హార్మోనిస్టు ప్రధానంగా ఏకగాత్రాన్నే అనుసరించాడు. వాద్య నిర్మాణం కాక రాగ సంప్రదాయమే ఈ పద్ధతిని నిర్ణయించిందని దీనివల్ల గ్రహించవచ్చు.

తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలోగాని, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’లోగాని అచ్చులో కనిపించేది పద్యపాదాలే. వేదిక మీద నటుడు తాళబంధం లేకుండా పద్యాన్ని ఎత్తుకొని, చివర రాగాన్ని విస్తరిస్తాడు. హార్మోనిస్టు శ్రుతి నిలిపి, నటుని సంగతిని వెన్నంటి, అతడు ఊపిరి తీసుకునే విరామాన్ని పూరిస్తాడు. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కోరేది ఈ సమష్టి రూపాన్నే.

స్థిరస్వరాలు గల మెట్లపై గమకం పలకదన్న ఆక్షేపణ బలంగా వినిపించిన కాలంలో, 1940 మార్చి నుండి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1970వ దశకంలోగాని ఆ నిషేధం సడలలేదు. రంగస్థలం మాత్రం దానిని విడిచిపెట్టలేదు. కాబట్టి ఆ మూడు దశాబ్దాల రేడియో గానాన్ని వేదిక గానానికి యథాతథ ప్రతిరూపంగా స్వీకరించడం సాధ్యం కాదు.

పర్సెల్ పాటకు కనీసం అంకెలైనా మిగిలాయి. తెలుగు హార్మోనిస్టు కల్పనకు అచ్చుప్రతిలో ఆ పాటి గుర్తు కూడా లేదు. అందువల్ల గ్రామఫోను రికార్డులను, వృద్ధ హార్మోనిస్టుల మౌఖిక సాక్ష్యాన్ని నాటక ప్రతికి అనుబంధాలుగా కాక పాఠంలో భాగంగానే పరిగణించాలి. పద్యకర్త, నటుడు, హార్మోనిస్టు ముగ్గురినీ కలిపి చూసినప్పుడే పద్యనాటక చరిత్ర సమగ్రమవుతుంది.