రంబోల్డ్ దొర లెక్క

రంగత్‌లో తెలుగు మాట వినబడి, మీదే ఊరని అడిగితే శ్రీకాకుళమనో, విజయనగరమనో, విశాఖపట్నమనో తరచుగా జవాబు వస్తుంది. ఆ నేలను 18వ శతాబ్దంలో చికాకోలు సర్కారు అనేవారు. అక్కడి శిస్తు వ్యవహారంలో చెన్నపట్నం గవర్నరు ఒకరు తన ఉద్యోగాన్నీ పరువునూ పోగొట్టుకున్నాడు. ఆయన పేరు సర్ థామస్ రంబోల్డ్. ఈ పాఠం ఆయన గురించి. నా పని విజ్ఞానశాస్త్రం బోధించడం కాబట్టి సాక్ష్యాన్ని కొంచెం తూచి చూస్తాను, ఓపిక పట్టండి.

చెన్నపట్నానికి 1688 నుంచే మేయరు ఉన్నాడు. కాని అసలు పెత్తనం సెయింట్ జార్జి కోటలో కూర్చునే గవర్నరుది. నగరమూ, దాని చేతికింది జిల్లాలూ, సైన్యమూ, ఖజానా అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి.

రంబోల్డ్ 1736లో పుట్టాడు. కుర్రవాడిగా ఉండగానే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి ఈ దేశానికి వచ్చాడు. గుమాస్తాగిరీ వదిలి సైన్యంలోకి మారి, 1757లో ప్లాసీ యుద్ధంలో క్లైవ్ పక్కన పనిచేశాడు. తరువాత పాట్నా కొలువు, బెంగాలు కౌన్సిలు, బాగా డబ్బు. 1769లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఇక్కడ ఒక చిన్న వినోదం చెప్పాలి. 1774లో ఆయన షాఫ్ట్స్‌బరీ అనే ఊరి నుంచి పోటీ చేశాడు. అక్కడ ఓటర్లకు డబ్బు పంచిన తీరు ఇంగ్లండంతా చెప్పుకున్నారు. వాళ్ళకు పంచ్ అనే బొమ్మలాట పాత్ర ఉంది, మన తోలుబొమ్మలాటలో కేతిగాడి లాంటివాడు. ఆ వేషం వేసిన మనిషి ఒకడు గదిలో దాక్కొని, తలుపుకు చేసిన కంత లోంచి 20 గినీల బంగారం చొప్పున ఓటర్ల చేతుల్లో పెట్టేవాడు. ఇచ్చినవాడు ఎవడో తెలియదని ఓటరు ప్రమాణం చేయవచ్చు గదా! ఫిర్యాదు వెళ్ళి 1775లో సీటు పోయింది. అయినా కంపెనీవారు ఆయన్నే చెన్నపట్నం గవర్నరుగా పంపారు. 1778 ఫిబ్రవరిలో పదవి స్వీకరించాడు.

అంతకు ముందు ఆ కోటలో జరిగిందీ తక్కువ కాదు. 1776 ఆగస్టులో గవర్నరు లార్డ్ పిగట్‌ను ఆయన కౌన్సిలు సభ్యులే ఖైదు చేశారు, 1777లో ఆయన నిర్బంధంలోనే చనిపోయాడు. ఆ గందరగోళాన్ని సరిదిద్దవలసినవాడుగా రంబోల్డ్ వచ్చాడు.

వచ్చీ రాగానే చేసిన పని మీరు జాగ్రత్తగా గమనించండి. ఉత్తర సర్కారుల్లో పంట ఎంత, జనం ఎందరు, జమీందారు రైతు దగ్గర వసూలు చేసేది ఎంత అని ఊరూరా తిరిగి తెలుసుకోవడానికి కంపెనీ డైరెక్టర్లు ఒక పర్యటన సంఘాన్ని ఏర్పాటు చేశారు. మన భాషలో చెప్పాలంటే కొలిచి చూసే పద్ధతి. రంబోల్డ్ 1778 మార్చిలో ఆ సంఘాన్ని రద్దు చేశాడు. ఖర్చు ఎక్కువ అన్నాడు. దానికి బదులు జమీందార్లే చెన్నపట్నం వచ్చి తనతో శిస్తు ఒప్పందం చేసుకోవాలన్నాడు. విజయనగరం నుంచి చెన్నపట్నం వందల మైళ్ళు. పరివారంతో వెళ్ళి కోట గుమ్మం దగ్గర రోజుల తరబడి పడిగాపులు పడాలి. వెళ్ళినవారికి అప్పులు మిగిలాయి. ఇంతకంటె ముఖ్యం, గ్రామంలో పదిమంది ముందు జరగవలసిన మాటలు గవర్నరు గదిలోకి వెళ్ళాయి.

ఆ రోజుల్లో విజయనగరానికి రాజు విజయరామరాజు. బొబ్బిలి యుద్ధం తరువాత తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైన పెద్ద విజయరామరాజు పేరే ఈయనదీ. పిన్న వయసులో గద్దె ఎక్కినందువల్ల పెత్తనమంతా అన్న సీతారామరాజుది. ఆ పెత్తనం వద్దని తమ్ముడు మొరపెట్టుకున్నా, రంబోల్డ్ సీతారామరాజునే దివానుగా నిలబెట్టాడు. గవర్నరు సొంత కార్యదర్శి రెడ్‌హెడ్‌కు సీతారామరాజు లక్ష రూపాయలు ఒప్పుకున్నాడన్నది తరువాత వచ్చిన ఆరోపణల్లో ఒకటి.

ఇక లెక్క. రంబోల్డ్ గవర్నరుగా ఉండగా ఇంగ్లండుకు పంపిన సొమ్ము 1,64,000 పౌన్లు. జీతభత్యాలు ఏడాదికి 20,000 పౌన్ల లోపు. ఉన్నది రెండేళ్ళ రెండు నెలలు. పైసా ఖర్చు పెట్టకుండా బతికినా దాదాపు 43,000 అవుతుంది. మిగిలిన 1,21,000 పౌన్లు ఎక్కడివి? పదార్థం శూన్యంలోంచి పుట్టదని మనం పిల్లలకు చెబుతాం. కాని తొందరపడకండి. అది లంచమేనని ఈ తీసివేత ఒక్కటే రుజువు చేయదు. బెంగాలులో పాత కొలువు నాటి ఆస్తి తనకు ఉందని ఆయన వాదం. అందులో కొంత నిజం ఉండే ఉంటుంది. అందుకే నాకు ఈ డబ్బు లెక్క కంటె, కొలిచే సంఘాన్ని రద్దు చేయడమే బరువైన సాక్ష్యంగా కనబడుతుంది.

ఆయన్ను నిజంగా కూలదోసినది మాత్రం గుంటూరు. 1779లో బసాలత్ జంగ్ దగ్గర ఆ సర్కారును తీసుకొని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చారు. అన్నగారైన హైదరాబాదు నిజాముకు కోపం వచ్చింది. ఆ ఏడే మాహేను పట్టుకోవడంతో హైదర్ అలీ కూడా పగబట్టాడు. 1780 ఏప్రిల్‌లో రంబోల్డ్ అనారోగ్యమని చెప్పి ఓడ ఎక్కాడు. జులైలో హైదర్ కర్ణాటకం మీద పడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర బెయిలీ దళం నాశనమయింది.

విచారణ రాకముందే కుర్చీ దిగడం పాత ఉపాయమే. న్యూయార్క్ మేయరు జిమ్మీ వాకర్ కూడా గవర్నరు రూజ్వెల్ట్ ఎదుట విచారణ ముగియక ముందే 1932 సెప్టెంబరు 1న రాజీనామా ఇచ్చి యూరపు వెళ్ళిపోయాడు. రంబోల్డ్‌ను డైరెక్టర్లు 1781 జనవరిలో కొలువు నుంచి తొలగించారు. హెన్రీ డండాస్ పార్లమెంటులో శిక్షా బిల్లు పెట్టాడు. అంటే న్యాయస్థానం కాక, పార్లమెంటే చట్టం చేసి ఒక మనిషిని శిక్షించడం. సాక్షుల విచారణ సాగి సాగి, సభ్యులు రావడం మానేసి, 1783లో బిల్లు వీగిపోయింది. ఆయన 1790 దాకా పార్లమెంటులోనే కూర్చున్నాడు, 1791లో చనిపోయాడు. తండ్రి నిర్దోషి అని వాదిస్తూ కూతురు రాసిన పుస్తకం 1868లో అచ్చయింది.

విజయనగరంలో మాత్రం సీతారామరాజు పెత్తనం, పేష్కష్ బకాయిలు పోలేదు. కంపెనీ 8,50,000 రూపాయలు కట్టమంది. 1794 జులై 10న పద్మనాభం కొండ దగ్గర విజయరామరాజు కంపెనీ సిపాయిల తుపాకులకు ఎదురు నిలిచి తన మనుషులతో సహా ప్రాణం విడిచాడు.