అసలు భాగాల నకిలీ వాచీ

జూలై 20 వచ్చిందంటే చందమామతో పాటు ఒక వాచీనీ తలుచుకోవాలి. 1969లో అపోలో 11 దిగినప్పుడు నౌకలో టైమర్ మొరాయించింది. దాంతో ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ని లోపలే వదిలి బయటికొచ్చాడు. చంద్రుడి నేల మీద తిరిగింది ఆల్డ్రిన్ వాచీ. తర్వాత దాన్ని స్మిత్‌సోనియన్‌ మ్యూజియానికి పంపితే దారిలో మాయమైంది. అంతదూరం వెళ్లి క్షేమంగా వచ్చినది పార్సిల్లో పోయింది!

సెకన్ల ముల్లుని కావలసినప్పుడు నడిపి, ఆపి, మళ్లీ సున్నాకు తెచ్చే, స్పీడ్‌మాస్టర్ లాంటి క్రోనోగ్రాఫ్‌ల కథ పాతదే. గడియారాలు చేసే లూయీ మొయినే 1816లో నక్షత్రాల పరిశీలనకు ఒకటి చేసుకున్నాడు. 1821లో రియుసెక్ అనే మరో గడియారాల పనివాడు పారిస్ గుర్రప్పందేల్లో సిరా చుక్కతో కాలాన్ని గుర్తు పెట్టే యంత్రం తెచ్చాడు. ఆపైన ఓ వందేళ్లు దాటేద్దాం. క్రోనోగ్రాఫ్ చేతికెక్కింది, 1957లో స్పీడ్‌మాస్టర్ పుట్టింది, 1965లో నాసా పరీక్షల్లో నెగ్గింది.

ఇక నాకు ఎంతకీ తనివి తీరని కథ. 2021 నవంబరులో జెనీవాలో 1957 నాటి స్పీడ్‌మాస్టర్ ఒకటి వేలానికొచ్చింది. నల్ల డయల్ వయసు మీద పడి గోధుమ రంగుకు తిరిగింది. సేకర్తలు పడిచచ్చేది ఆ రంగుకే. లక్షా ఇరవై వేల స్విస్ ఫ్రాంకులు దాటదనుకున్నది 31 లక్షలు పలికింది. కొన్నదెవరు? సాక్షాత్తూ ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. 2023లో గుట్టు బయటపడింది. అది వేర్వేరు పాత వాచీల భాగాలతో కుట్టిన అతుకుల బొంత. ఇందులో తమ మాజీ ఉద్యోగుల చేయి ఉందని ఒమేగాయే ప్రకటించింది. కన్నతల్లే బిడ్డను పోల్చుకోలేకపోయింది, నాకైతే జాలికన్నా నవ్వే ముందొచ్చింది.

అందుకే, విడిభాగాలు అసలువైనంత మాత్రాన చాలదు, అన్నీ ఒకే వాచీతో పుట్టినట్టు ఉండాలి. మూత లోపలి మోడల్ నంబరు, మిషన్ మీది వరుస నంబరు ఒకే కాలానివి కావాలి. 1968లో స్పీడ్‌మాస్టర్‌లో 321 రకం మిషన్ పోయి 861 వచ్చింది. అతికించిన లోహపు ఒమేగా గుర్తు స్థానంలో, కొద్దికాలానికే అచ్చు గుర్తు వచ్చింది. మొదట్లో చీకట్లో మెరిసే పూత రేడియం, తర్వాత ట్రిటియం. ముళ్ల మీద పూత తాజాగా, డయల్ మీద మాత్రం పండిపోయి ఉంటే ఎవరో చేయి పెట్టారన్నమాట.

ఇప్పుడైతే వ్యవహారం మరీ చిక్కుపడింది. ధరలు పెరిగేకొద్దీ విడిభాగాలే బంగారమయ్యాయి. కొత్త డయల్‌కి ముసలితనం తెప్పించే పనివాళ్లున్నారు, పాత డయల్‌కి యవ్వనం అద్దే పనివాళ్లూ ఉన్నారు.

మీ తాతగారి క్రోనోగ్రాఫ్ బీరువాలో ఉంటే మెరుగు పెట్టించకండి, డయల్‌కి రంగు వేయించకండి. కొనబోతుంటే మాత్రం, డబ్బు లెక్కపెట్టే ముందు వెనక మూత విప్పించి చూడండి.